సెట్టులో గరగర

ముందు వాల్యూం నాబ్ పీకాలి. పక్కనున్న చిన్న స్క్రూ వదులు చేస్తే ఊడి రావాలి, రావడం లేదు, దీన్ని ఎవరైనా కదిపి ఎన్నేళ్లయిందో, బలంగా లాగితే లోపలి కడ్డీ వంగుతుంది, వంగితే ఇక ఈ రేడియో సెట్టు పని అయిపోయినట్టే, నెమ్మది, నెమ్మది, నిన్నెవరు తరుముతున్నారని, తరుముతున్నారు మరి, కాలి పుండుకి కట్టు మార్పించడానికి కోడలు మా ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లింది, వాళ్లు తిరిగొచ్చేలోపు ఇది అయిపోవాలి, సాయంత్రం మా చిన్నోడు డ్యూటీ దిగి వస్తూ కొత్తది తెస్తానన్నాడు, అది లోపలికి వచ్చిందంటే ఇది బయటికి పోతుంది, రెండింటికీ ఆ బల్ల మీద చోటు లేదు. పొద్దున గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ అన్నాడు, కోపంగా ఏం కాదు, వాడికి కోపం రాదు, విసుగు వస్తుంది అంతే. "నాన్నా, అమ్మ ఆ సెట్టు తిప్పినప్పుడల్లా నా పళ్లు జివ్వుమంటున్నాయి. చెవిలో ఇసుక పోసినట్టుంది ఆ గరగర. ఇవాళ కొత్తది పట్టుకొచ్చేస్తా. దానికి నాబులు గీబులు ఉండవు, నోటితో చెబితే చాలు, అదే పాడుతుంది. అమ్మకి సుఖం." మంచం మీద నుంచి మా ఆవిడ అంది, "దాన్ని కూడా అడుక్కోవాలిట్రా?" వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

వచ్చింది నాబ్. దాని కింద గుండ్రంగా నల్లటి జిడ్డు, ఇన్నేళ్ల వేళ్లది, నా వేళ్లది కాదు, ఆమెది. నేను దీన్ని తిప్పను, పిల్లాడూ తిప్పడు, కోడలు కొత్తగా వచ్చినప్పుడు ఒకసారి తిప్పబోయి ఆమె మొహం చూసి చెయ్యి తీసేసింది, ఇది ఆమె సెట్టని ఇంట్లో అందరికీ తెలుసు. చూపు పూర్తిగా పోయాక మరీను. మంచినీళ్లు కావాలంటే అడగాలి, దువ్వెన ఎక్కడుందో అడగాలి, తెల్లారిందా అని అడగాలి, తను వేసుకున్న బట్ట ఏ రంగో అడగాలి, బాత్రూముకి వెళ్లాలంటే ఎవరో ఒకరు లేవాలి, రాత్రిళ్లు నేనే లేస్తాను, ఆమె పిలవకముందే, మంచం కిర్రుమంటే చాలు నాకు మెలకువ వచ్చేస్తుంది, అందుకే నా నిద్రంతా అతుకుల బొంతలా ఉంటుంది, ఒక ముక్క ఇక్కడ, ఒక ముక్క అక్కడ. నేను విసుక్కోను. విసుక్కోనని ఆమెకి ఇంకా కష్టం. "ఒక్కసారి విసుక్కోవయ్యా, నాకు కాస్త తేలిగ్గా ఉంటుంది" అంటుంది. ఈ సెట్టు దగ్గరికి మాత్రం ఎవరూ తీసుకెళ్లక్కర్లేదు. మంచం దిగుతుంది, గోడ పట్టుకుంటుంది, బీరువా మూల, కుర్చీ వీపు, బల్ల అంచు, ఇక చెయ్యి తిన్నగా నాబ్ మీదికే, తడుముకోవడం లేదు వెతుక్కోవడం లేదు, తిప్పుతుంది, తనకి కావాల్సిన చోట ఆపుతుంది, వెళ్లి కూర్చుంటుంది. రోజు మొత్తం మీద ఎవర్నీ అడక్కుండా ఆమె చేసుకునే పని ఇదొక్కటే మిగిలింది. ఇదీ పోతే ఇంకేమీ లేదు. గరగర పోతే మా చిన్నోడికి కొత్తదానితో పని ఉండదు, తెచ్చినదాన్ని తెచ్చినట్టే షాపులో తిరిగిచ్చేస్తాడు, నేను అనుకుంటున్నది అంతే, అంతకన్నా ఎక్కువేం ఆశపడటం లేదు.

ప్లగ్గు పీకానా, పీకాను, ఇందాకే పీకాను, అయినా మళ్లీ చూసుకోవాలి, కరెంటు తీసేసినా లోపల కాసేపు దాక్కుని ఉంటుంది, అజాగ్రత్తగా చెయ్యి పెడితే మోచేతి దాకా తన్నుతుంది. వెనక అట్ట తీశాను. అబ్బ, ఎంత దుమ్ము, దుమ్ము కూడా కాదు, బూడిద రంగు ఉన్నిలా పేరుకుపోయింది, ఒక మూల బొద్దింక డొప్ప, ఒక చొక్కా గుండీ, ఇదెలా వెళ్లింది లోపలికి, మా చిన్నోడి పనే అయ్యుంటుంది, పాకే రోజుల్లో ఏది దొరికితే అది ఏ కంత కనిపిస్తే ఆ కంతలో దూర్చేవాడు. బ్రష్షుతో దులుపుతుంటే ఆ వాసన వచ్చింది, పాత సెట్టుల వాసన, కాలిన మైనం, చెక్క, వెచ్చబడ్డ దుమ్ము, నాకు మా మేస్త్రి గుర్తొచ్చాడు. పొగ మేస్త్రి అనేవాళ్లం ఆయన్ని. బీడీలు కాల్చి కాదు, ఆయన స్విచ్చి వేసిన సెట్టు పొగ రాకుండా ఎప్పుడూ మొదలయ్యేది కాదు, పొగ రాగానే "ఆఁ, రోగం దొరికింది" అనేవాడు సంతోషంగా. నాకు పని నేర్పింది ఆయనే, నేర్పడం అంటే తిట్టడం. ఒకసారి ఒక కంట్రోలు గరగరమంటుంటే, గొళ్లేలకి, తాళాలకి కొట్టే స్ప్రే ఉంటుంది చూడండి, తుప్పు వదలగొట్టేది, అది బుస్సుమని కొట్టేశాను, గరగర పోయింది, చెయ్యి పెడితే నాబ్ బొంగరంలా తిరిగిపోయింది. మేస్త్రి నా వంక చూసి, "దీన్ని శుభ్రం చెయ్యమన్నానా, వాన్లో తడపమన్నానా?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు, ఫ్యాక్టరీలో ఆ కడ్డీకి చిక్కటి గ్రీజు పెడతారురా, అది ఉంటేనే నాబ్ చేతికి కాస్త బరువుగా తగులుతుంది, నువ్వు ఆపిన చోట ఆగుతుంది, ఆ స్ప్రే గ్రీజు మొత్తాన్ని కరిగించేసింది, ఇప్పుడిది గాలికి కూడా తిరుగుతుంది. ఆ మాట నాకు ఇవాళ ఎంత అవసరమో ఆయనకేం తెలుసు. చూపున్నవాళ్లకి నాబ్ వదులైతే చిరాకు, అంతే. ఆమెకి అలా కాదు, ఆమెకి చేతికి తగిలే బరువే చూపు.

కాబట్టి స్ప్రే కొంచెమే, అదీ కరెంటు భాగాలు కడిగే కాంటాక్ట్ క్లీనరే, కడ్డీ వైపు కాదు, కంట్రోలు డబ్బీ వెనక వైరు కాళ్లు అతికిన చోట సన్న కంత ఉంటుంది, అక్కడ గొట్టం ఆనించి ఒక్క చుక్క. లోపల ఏముంటుందంటే గుర్రపు నాడాలా వంకర తిరిగిన ఒక నల్లటి దారి, దాని మీద సన్నటి రాగి వేలు ఒకటి నడుస్తుంది, నాబ్ తిప్పితే నడిచేది అదే. ఎక్కువగా ఆగిన చోట దారి ఎక్కువ అరుగుతుంది, అరిగిన గుంటలో మురికి చేరుతుంది, వేలు ఆ గుంట దాటేటప్పుడు అరుస్తుంది, అదే గరగర. ఇటు కొస నుంచి అటు కొసకి తిప్పు, అటు నుంచి ఇటు తిప్పు, తిప్పుతూనే ఉండు, నా బొటనవేలు నొప్పెడుతోంది, కీలు వాచింది, ఈ మధ్య చలికి కూడా వాస్తోంది, ఎండకి కూడా వాస్తోంది, దానికేం కావాలో నాకు తెలీదు. ఇంకొక చుక్క. మళ్లీ తిప్పు. మురికి నల్లగా కారుతోంది, దూదితో అద్దుతున్నాను, ఆ నలుపంతా ఏళ్లే.

ఈ సెట్టు ఇంటికొచ్చినప్పుడు ఆమె కాజాలు కుట్టేది. దర్జీ షాపు నుంచి చొక్కాలు మూటగా వచ్చేవి, కాజాలు, గుండీలు ఆమె చెయ్యాలి, మిషను కిటికీ పక్కన, సెట్టు బల్ల మీద, చెయ్యి చాపితే అందేట్టు. అప్పట్లో దీన్ని ఒక పెళ్లిళ్ల హాల్లో పనికిరాదని పడేస్తే నేను అడిగి తెచ్చుకున్నాను, సైకిలు వెనక కట్టి, నేను తోస్తూ, ఆమె వెనక నుంచి రెండు చేతులతో పట్టుకుని, దారి పొడవునా "ఏమయ్యా, ఇది పాడకపోతే ఇందులో నిన్ను పెట్టి మూత వేస్తా" అంటూ. పాడింది. మొదటి రోజు రాత్రంతా పాడింది, పక్కింటాయన గోడ మీద గుద్దితే ఆమె కూడా ఇటు నుంచి గుద్దింది, తాళం వేస్తున్నాడనుకున్నానని మర్నాడు చెప్పింది ఆయనకే. ఎంత నోరు, ఎంత చెయ్యి, గుండీ కుట్టి దారం కొరుకుతూ, కాలితో మిషను తొక్కుతూ, ఎడం చేత్తో సెట్టు పెంచుతూ తగ్గిస్తూ, కళ్లు పనిమీదే ఉండేవి, చెయ్యి మాత్రం అది పోయే దారి అది పోయేది. తర్వాత ఒకరోజు దర్జీ చొక్కాలు వెనక్కి తెచ్చాడు, తెల్ల చొక్కాకి బూడిద రంగు దారంతో కుట్టావమ్మా అన్నాడు. ఆమె చొక్కా అందుకుని కిటికీ దగ్గరికి పోయింది, ఎండలో పెట్టి చూసింది, ఇంకా దగ్గరగా పెట్టి చూసింది, ముక్కుకి ఆనించి చూసింది. నేను ఆ గుమ్మంలోనే ఉన్నాను. దర్జీ నా వంక చూశాడు, నేను దర్జీ వంక చూశాను. "వెలుతురు బాలేదు" అంది ఆమె. ఎండ మాత్రం చొక్కా మీద భగ్గుమంటూ ఉంది.

వెనక సాకెట్లు కూడా నల్లబడ్డాయి, పనిలో పని, స్పిరిట్లో తడిపిన దూది పుల్లకి చుట్టి లోపల తిప్పితే లోహం మళ్లీ మెరిసింది, పిన్నులు రబ్బరుతో రుద్దాను, పిల్లలు పెన్సిలు గీత చెరిపే రబ్బరు, ఇసుక కాగితం పెట్టకూడదు, పూత లేచిపోతుంది. స్పీకరు వైరు కొసలు పచ్చబడ్డాయి, అవి కత్తిరించి కొత్త కొసలు ఒలిచాను, వాటిని మెలిపెట్టడానికి వేళ్లు సహకరించడం లేదు, నిద్ర. ఇక్కడే కాసేపు తల వాల్చాను కాబోలు. కళ్లు తెరిచేసరికి పటకారు చేతిలోనే ఉంది, చెంప బల్ల మీద, బల్ల చల్లగా ఉంది, ఎంత హాయిగా ఉందో, ఇలాగే ఉండిపోతే ఎవరికి నష్టం, నన్ను కూడా ఎవరైనా వెనక అట్ట ఊడదీసి, దులిపి, ఒక్క చుక్క వేసి, అటూ ఇటూ తిప్పి పెడితే బాగుండును. బయట ఏదో బండి ఆగింది, వచ్చేశారేమో, కాదు, పై వాటావాళ్లు.

గ్రీజు. ఇదే అసలు పని. సన్న నూనె కాదు, చిక్కటిది, అగ్గిపుల్ల కొసన బియ్యపు గింజంత, కడ్డీ గొట్టంలోకి దూరే చోట రాసి, తిప్పి, మళ్లీ రాసి, ఎక్కువైతే మొద్దుబారుతుంది, తక్కువైతే జారుతుంది. నాబ్ బిగించి కళ్లు మూసుకున్నాను. ఆమె లాగా తిప్పాలి, ఆమెకి తెలిసినంత నాకు తెలియాలి, ఆమె చెయ్యి ఎంత బరువు పెడుతుందో నాకు తెలుసా, ఇన్నేళ్లు చూస్తున్నాను కదా, తెలుసనే అనుకున్నాను. ఇంకొంచెం గ్రీజు. ఇప్పుడు సరిగ్గా ఉంది, నానిన పిండిలో వేలు పోనిచ్చినట్టు. ప్లగ్గు పెట్టాను, స్విచ్చి వేశాను, పొగ రాలేదు, మేస్త్రి ఉంటే రోగం దొరకలేదని బాధపడేవాడు, తిప్పాను. ఆహా. వాతావరణం చెప్పే ఆవిడ గొంతు ఎక్కడో దూరం నుంచి నడిచొచ్చినట్టు వచ్చింది, పక్కకి వచ్చింది, ముందుకి వచ్చింది, ఎక్కడా తట్టుకోలేదు, ఎక్కడా గరగర లేదు, పాలు పోసినట్టుంది. మళ్లీ తగ్గించాను, మళ్లీ పెంచాను. ఎన్నాళ్లకి నా చేతులు నా మాట విన్నాయి. ఒంట్లో ఉన్న అలసటంతా ఒక్కసారి కిందికి దిగి మోకాళ్లలో కూర్చుంది, కూర్చోనీ, ఇంక పనేముంది.

గుమ్మంలో కోడలి చెప్పుల చప్పుడు, దాని వెనక ఆమె కర్ర చప్పుడు. లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే ఆగిపోయింది, ముక్కు ఎగబీల్చింది.

"ఆసుపత్రి నుంచి వస్తే ఇక్కడా స్పిరిట్ వాసనేనా? ఏం చేస్తున్నావయ్యా నా బల్ల దగ్గర?"

"వచ్చి చూడు" అన్నాను. చూడు అన్నందుకు నాలిక కరుచుకోలేదు, మేము ఆ మాట మానలేదు.

"మామయ్యా, మీరు భోజనం కూడా చెయ్యలేదు, పెట్టింది పెట్టినట్టే ఉంది" అంది కోడలు వంటగదిలోంచి.

ఆమె గోడ పట్టుకుంది. బీరువా మూల, కుర్చీ వీపు, బల్ల అంచు. చెయ్యి తిన్నగా నాబ్ మీదికి పోయింది. నేను పెళ్లికొడుకులా నిలబడ్డాను. తిప్పింది. గొంతు వచ్చింది, పెరిగింది, ఇంకా పెరిగింది, ఆమె తిప్పుతూనే ఉంది, ఇంకా తిప్పుతూనే ఉంది, ఏమిటి ఆపదేమిటి, ఒక్కసారిగా గది మొత్తం దద్దరిల్లింది, ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిప్పింది, మొత్తం పోయింది, ఏమీ లేదు. మళ్లీ తిప్పింది. ఈసారి మరీ కొంచెం, ఏదో సణుగుడు, ఇంకొంచెం, మళ్లీ ఎక్కువ. పెన్నం తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"ఇది నాది కాదు."

"నీదే. అదే సెట్టు. శుభ్రం చేశాను."

"గరగర ఏదీ?"

"పోయింది. అందుకేగా చేసింది. ఇంక మీవాడు దీనికి వంక పెట్టలేడు."

ఆమె కర్ర కుర్చీకి ఆనించి, దాన్ని సర్ది, మళ్లీ సర్ది, అప్పుడంది, "మొదటి గరగర దగ్గర ఆపితే నువ్వు పడుకున్నప్పుడు సరిపోతుంది. రెండో దాని దగ్గర మాట్లాడుకుంటూ వినొచ్చు. మూడోది మిషను తొక్కేటప్పుడు. నేను వాటిని లెక్కపెట్టుకుని ఆపేదాన్నయ్యా. ఇప్పుడు దీంట్లో ఏముంది? ఎటు పోయినా నున్నగా, ఎడారిలా ఉంది."

ఎక్కువగా ఆగిన చోటే ఎక్కువ అరుగుతుందని నాకు తెలుసు, ఇందాక నాలో నేనే చెప్పుకున్నాను కూడా, మరి ఎవరు ఆగితే అరిగింది, ఎందుకు ఆగితే అరిగింది అని ఒక్కసారైనా అనుకోవాలి కదా. ఆమె వేళ్లు ఇన్నేళ్లు దిగి దిగి వేసుకున్న మెట్లు అవి, మిషను ఆగింది, చూపు పోయింది, మెట్లు మాత్రం ఉన్నాయి, వాటిని పట్టుకుని ఆమె తిరుగుతోంది, నేను వెళ్లి దూదితో అద్దేశాను. గ్రీజు గురించి అంత ఆలోచించాను, బియ్యపు గింజంత అన్నాను, పిండిలో వేలు అన్నాను, కళ్లు మూసుకుని ఆమెలా తిప్పానని మురిసిపోయాను, కళ్లు మూసుకుంటే ఆమె అయిపోతానా. మురికిని తిరిగి పెట్టే స్ప్రే ఏదీ లేదు. కూర్చోడానికి కుర్చీ లేదు, కుర్చీ ఆమె దారిలో ఉండాలి, దాన్ని కదపకూడదు, గోడకి ఆనుకుని కిందే కూర్చున్నాను.

"పోనీలే" అంది. ఆ మాటంటే నాకు భయం. చూపు పోయినప్పుడూ పోనీలే అనే అంది. "వాడు తెచ్చేదే పెట్టించు. అడుక్కుంటాను దాన్ని కూడా. అన్నీ అడుగుతున్నాను, ఇదో లెక్కా."

"ఉండు, ఉండవే" అన్నాను, "నాబ్ చుట్టూ రేకు మీద సీసం చుక్కలు పెడతాను. మూడు చోట్ల. చేతికి తగుల్తాయి. ఇప్పుడే పెడతాను, సోల్డరింగ్ ఐరను వేడెక్కితే ఎంతసేపు."

"నువ్వు పెట్టిన చోట ఆగాలా నేను?"

"మరి నువ్వే చెప్పు, నువ్వు చెప్పిన చోట పెడతాను."

"చెప్పాలంటే నాకు తెలియాలి కదా ఎక్కడో!" గొంతు పెరిగింది. కోపం వచ్చింది. నిజంగా కోపం, ఎన్నాళ్లకో, పక్కింటి గోడ గుద్దిన రోజుల్లోది, నా అలసటలో కూడా నాకు హాయిగా అనిపించింది. "నువ్వు దీన్ని విప్పే ముందు ఒక మాట అడిగి ఉంటే ఏం పోయేదయ్యా? అన్నీ నేనే అడగాలా? మీరు నన్ను ఒక్కటి అడగకూడదా?"

అడగలేదు. నిజమే. మా చిన్నోడు కొత్తది తెస్తానన్నాడు, నేను పాతది బాగుచేద్దామనుకున్నాను, ఇద్దరం ఆమె కోసమే, ఇద్దరం ఆమెను అడగలేదు.

కర్ర పక్కన పెట్టింది. కుర్చీని తనే లాక్కుంది, ఇన్నేళ్లుగా కదపని కుర్చీని, బర్రుమని, బల్ల దగ్గరికి. కూర్చుని కట్టు కట్టిన కాలు చాపుకుంది. నాబ్ మీద చెయ్యి వేసింది, బొటనవేలు కింద, రెండు వేళ్లు పైన, సూది పట్టుకున్నట్టు. మొత్తం తగ్గించింది. నెమ్మదిగా పెంచింది. ఆపింది. తల పక్కకి వంచి వింది. కాదు. మొత్తం తగ్గించింది. మళ్లీ మొదటి నుంచి. ఎక్కువైపోయి గది అదిరిపడింది, వంటగదిలో కోడలి చేతిలోంచి గరిటె పడింది. "అత్తయ్యా, చెప్పి చెయ్యండి, గుండె ఆగేట్టుంది!" "నీ గుండెకేం కాదు గానీ ఆ తలుపు వేసుకో" అంది ఈమె. మళ్లీ మొదటి నుంచి. ఒకసారి సణుగుడు, ఒకసారి అరుపు, ఒకసారి సరిగ్గా మాట్లాడుకునేంత, అక్కడ ఆగి చేతిని అలాగే ఉంచి, మణికట్టు ఎంత తిరిగిందో రెండో చేత్తో తడిమి చూసుకుంది. అది వేళ్లలో దాచుకుంది. మొత్తం తగ్గించింది. మళ్లీ. నా కళ్లు మూతలు పడుతున్నాయి, వాతావరణం ఆవిడ వెళ్లిపోయి ఎవరో పాడుతున్నారు, ఆ పాట మాటిమాటికీ మునిగి తేలుతోంది, ప్రతిసారీ పైకి వచ్చే చోటు పోయినసారి వచ్చిన చోటికి ఇంకాస్త దగ్గరగా ఉంది, లేకపోతే నాకు నిద్రలో అలా అనిపిస్తోందేమో.

తలుపు తెరుచుకుంది. మా చిన్నోడు, చంకలో పెట్టె, నిగనిగలాడే పెట్టె, మీద బొమ్మ.

"ఎవరది?" అంది తిరక్కుండానే.

"నేనే అమ్మా. కొత్తది తెచ్చా..."

"మాట్లాడకు. లెక్క తప్పుతుంది."

వాడు నా వంక చూశాడు, కింద కూర్చుని గోడకి ఆనుకున్న నా వంక, బల్ల మీద నల్లబడ్డ దూది వంక, ముందుకి వంగి ఉన్న వాళ్లమ్మ వీపు వంక. బూట్లు విప్పడం కూడా మర్చిపోయాడు. వాడికి పళ్లు జివ్వుమనడం లేదని వాడికి ఇంకా తెలిసినట్టు లేదు. కాసేపటికి వంగి, నా చెవిలో, "నాన్నా, దీన్ని ఎక్కడ పెట్టమంటావ్?" అన్నాడు.

నాకూ తెలీదు. అమ్మని అడుగు అన్నాను. వాడు నోరు తెరవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇప్పుడు కాదు, ఆగు, ఆమె పనిలో ఉంది.